సంతకం లేని అతిథి



చాలాకాలం తరువాత సాహిత్యేతర విషయమొకటి రాస్తున్నాను. పద్యాల కోసం వచ్చే మిత్రులు మన్నించగలరు. తెలుగు పండితుడికి కంప్యూటర్ల చరిత్రతో పనేమిటని అడిగితే, ఒక పాత తప్పు నాచేత ఈ చరిత్ర చదివించిందని చెప్పాలి. అదేమిటో మధ్యలో మనవి చేస్తాను. టపా కాస్త పొడవైనది, ఓపిక పట్టగోరుతాను.

మా ఇంట్లో రూటరు పక్కన చిన్న నిల్వ పెట్టె ఒకటి ఉంది. నా వ్యాసాలు, పాత పుస్తకాల స్కాన్లు, మా అమ్మగారు పాడిన పెళ్ళిపాటల రికార్డింగులు అన్నీ అందులోనే. ఇంట్లో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా ఆ ఫోల్డరు సంకేతపదం అడగకుండానే తెరుచుకునేది. పోయిన నెలలో మా అబ్బాయి నాకు కొత్త డెస్క్‌టాప్ కొనిపెట్టాడు. అందులో పెట్టె పేరు కనిపించింది గాని, నొక్కితే తలుపు తెరుచుకోలేదు. ధ్రువీకరణ లేని అతిథి ప్రవేశాన్ని భద్రతా నియమాలు అడ్డుకుంటున్నాయన్న అర్థంలో ఒక సందేశం వచ్చింది.

నేను "అతిథి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. తిథి నియమం లేకుండా వచ్చేవాడు కాబట్టి అతిథి అని మా గురువులు వ్యుత్పత్తి చెప్పేవారు. వచ్చినవాడి కులగోత్రాలు అడగకముందే కాళ్ళకు నీళ్ళిచ్చిన సంప్రదాయం మనది. అటువంటి అతిథిని కంప్యూటరు గుమ్మంలోనే ఎందుకు ఆపుతున్నది? ఆపవలసిన అవసరం ఎప్పుడు, ఎలా వచ్చింది? తెలుసుకుందామని కూర్చుంటే అరవయ్యేళ్ళు వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

కంప్యూటరుకు సంకేతపదం పెట్టిన తొలివారిలో అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యుడు ఫెర్నాండో కొర్బాటో ఒకరు. 1961లో ఆయన బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకునే కాలవిభజన వ్యవస్థను ప్రదర్శించింది. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. యంత్రం ఒక్కటే, వాడుకరులు చాలామంది. ఎవరి ఫైళ్ళు వారికే ఉండాలి, ఎవరి వాటా కాలం వారికే దక్కాలి. అందుకని మనిషికొక సంకేతపదం ఇచ్చారు. అది శత్రువుల నుంచి కాపాడుకునే కోటగోడ అనడం కంటే ఇరుగుపొరుగుల మధ్య వేసుకున్న దడి అనడం సబబు.

ఆ దడిని దాటినవాడూ లోపలివాడే. ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల యంత్రకాలం కేటాయించారు. అది అతడి పనికి చాలలేదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి, సంకేతపదాల ఫైలును అచ్చువేయమని ఒక చిల్లుల కార్డు మీద కోరిక రాసి పెట్టి వెళ్ళాడు. తెల్లవారి వచ్చేసరికి అందరి సంకేతపదాలూ అచ్చై సిద్ధంగా ఉన్నాయి. ఆ తరువాత ఇతరుల వాటాలు కూడా వాడుకున్నాడు. ఈ సంగతి అతడు పాతికేళ్ళ తరువాత గాని ఒప్పుకోలేదు. 1960ల మధ్యలో అదే యంత్రంలో మరొక వింత జరిగింది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో రెండు ఫైళ్ళను సవరిస్తూ ఉంటే, వాటి తాత్కాలిక ప్రతులు తారుమారయ్యాయి. లోపలికి వచ్చిన ప్రతివారికీ ఆనాటి శుభసందేశానికి బదులు అందరి సంకేతపదాల పట్టిక కనిపించింది. 1990లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న కొర్బాటోయే తన ప్రసంగంలో ఈ కథ చెప్పుకున్నారు. తాళంచెవి పుట్టిన ఇంట్లోనే తాళంచెవుల గుత్తి నడివీధిలో పడిందన్నమాట.

అదే ఎం.ఐ.టి.లో తాళాలే వద్దన్నవారూ ఉన్నారు. అక్కడి కృత్రిమమేధ ప్రయోగశాలవారు 1960ల చివర ఐ.టి.ఎస్. అనే తమ సొంత వ్యవస్థ కట్టుకున్నారు. మొదట్లో దానికి సంకేతపదమే లేదు. ఎవరైనా రావచ్చు, ఎవరి ఫైలునైనా చూడవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఆ గాలిలో పెరిగినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. పక్కనున్న కంప్యూటర్ శాస్త్ర ప్రయోగశాల 1970లలో సంకేతపదాలు ప్రవేశపెట్టినప్పుడు ఆయన వాటిని ఛేదించి, ఒక్కొక్కరికీ ఉత్తరం పంపాడు. మీ సంకేతపదం ఇది అని నాకు తెలిసిపోయింది. దీనికి బదులు ఖాళీగా ఉంచి కేవలం ఎంటర్ మీట నొక్కండి, సులువుగా ఉంటుంది, తాళం మీద నమ్మకమే తప్పు అని దాని సారాంశం. వాడుకరులలో అయిదో వంతు మంది ఆయన మాట విన్నారట.

స్టాల్‌మన్ వాదం నాకు నచ్చింది. ఊరుమ్మడి చెరువుకు తాళమేమిటి? అయితే ఆ చెరువు గట్టున నీళ్ళు ముంచుకునేవారంతా ఒకరినొకరు ఎరిగినవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. కథ అంతా ఇక్కడే మలుపు తిరుగుతుంది.

ఇప్పుడు మన ఫోల్డరు దగ్గరికి వద్దాం. ఒక కంప్యూటరులోని ఫోల్డరును మరొక కంప్యూటరు నుంచి తెరిచే పద్ధతికి ఎస్.ఎం.బి. అని పేరు. 1983 ప్రాంతంలో ఐ.బి.ఎం. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ దీన్ని రూపొందించారు. ఒక కార్యాలయంలో పక్కపక్క బల్లల మీద ఉన్న యంత్రాలు ఫైళ్ళను, ప్రింటరును పంచుకోవడం దాని ఆశయం. తొలిరూపంలో మనిషి పేరుతో పనే లేదు. ఫోల్డరుకు ఒక సంకేతపదం పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. పెడితే అది తెలిసినవాళ్ళంతా సమానులే. పెట్టకపోతే వచ్చినవాళ్ళంతా సమానులే. వచ్చినవాడు ఎవడన్న ప్రశ్న ఆ తలుపుకు తెలియదు. ఒకే గదిలో కూర్చున్నవారు తలెత్తి చూస్తే తెలిసేదానికి యంత్రం అడగడం దేనికి?

మైక్రోసాఫ్ట్ 1992లో విడుదల చేసిన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ ఈ పంపకాన్ని మామూలు మనుషుల బల్లల మీదికి తెచ్చింది. 1995లో వచ్చిన విండోస్ 95, ఆ తరువాతి విండోస్ 98 అదే దారిలో నడిచాయి. ఫోల్డరు మీద కుడిమీట నొక్కి, పంచుకో అంటే చాలు; దాని బొమ్మ కింద చాచిన చేయి కనిపించేది. మా బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు నేను చూసినది ఆ చేతినే.

అసలు సంగతి ఇక్కడ చెప్పాలి. అప్పుడు నేను కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాడిని. 2002 ప్రాంతం. విండోస్ 98 ఉన్న కంప్యూటర్లు ఒక గదిలో, అన్నింటినీ కలుపుతూ తీగలు. మొదటి కంప్యూటరులో "అందరిదీ" అన్న అర్థంలో ఒక ఫోల్డరు తెరిచి, సంకేతపదం లేకుండా పంచింది నేనే. ఆ పేరు పెట్టినందుకు నాలో నేను మురిసిపోయాను కూడా. పిల్లల చేత వాళ్ళ తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర అడిగించి ఇంటి మాటలు, పొలం మాటలు సేకరించాం. కొబ్బరి దింపు మాటలు, ఒలుపు మాటలు, కుప్పనూర్పుల మాటలు, పడవవాళ్ళ మాటలు. నిఘంటువులలో కనబడనివి అందులో చాలా ఉన్నాయి. రెండు సంవత్సరాల శ్రమ. నాలుగు వందల పైచిలుకు మాటలు, అర్థాలతో, ఏ ఊరివో రాసుకున్న వివరాలతో సహా.

ఒక సోమవారం ఉదయం ఆ ఫోల్డరు ఖాళీగా ఉంది.

చెత్తబుట్టలో వెతికాం. నెట్‌వర్కు మీదుగా చెరిపిన ఫైలు చెత్తబుట్టకు చేరదని అప్పుడే తెలిసింది. మరొక ప్రతి తీసి పెట్టుకోవాలన్న బుద్ధి నాకు అప్పటికి లేదు. ఎవరు చెరిపారు? ఆ క్షణాన ఏ యంత్రం తలుపు తట్టిందో చూపే పనిముట్టు విండోస్‌లో ఉండేది గాని, గడచిన శనివారం ఎవరు వచ్చిపోయారో చెప్పే చిట్టా లేదు. ఉన్నా అందులో రాయడానికి పేరు లేదు.

పేరు యంత్రం చెప్పలేదు కాబట్టి మనుషులు చెప్పారు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం తినీ తినకుండా ఆ గదికి పరుగెత్తేవాడు. మీటలన్నీ నొక్కి చూసేవాడు. అందరి వేళ్ళూ వాడి వైపే చూపాయి. "నేను కాదండి మాస్టారూ" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. నేను వినలేదు. తరగతిలో అందరి ముందు వాడి పేరు పెట్టి చివాట్లు పెట్టి, ఆ ఏడాదంతా కంప్యూటరు గదికి రాకుండా నిషేధించాను. వాడు చేశాడని నా దగ్గర ఆధారం లేదు. చేయలేదనడానికి వాడి దగ్గరా లేదు. ఎవరు చేశారో నేటికీ తెలియదు.

అది మనిషి పనే కానక్కరలేదని నాకు చాలా ఆలస్యంగా తోచింది. అప్పటికే ఆ తలుపుల గుండా ఏవేవి తిరుగుతున్నాయో చదివినప్పుడు చల్లని చెమట పట్టింది. ఒకే గది కోసం కట్టిన తలుపు అది. టెలిఫోను తీగతో గదిని అంతర్జాలానికి కలిపినప్పుడు, ఆ తలుపు మూయకపోతే గది బయటకూ తెరుచుకునే ఉండేది. 2001 సెప్టెంబరులో వ్యాపించిన నిమ్డా అనే పురుగు దారులలో తెరిచి ఉన్న ఫోల్డర్లూ ఒకటి. విండోస్ ఎన్.టి., 2000 యంత్రాలలో అది అతిథి ఖాతాను మేలుకొలిపి, నిర్వాహకుల జాబితాలో చేర్చేది. గుమ్మంలో నిలబడినవాడికి ఇంటి పెత్తనం అప్పగించడమన్నమాట.

సంకేతపదం పెట్టిన ఫోల్డర్ల గతీ అంతంత మాత్రమే. విండోస్ 95, 98లలో ఒక లోపం ఉండేది. తలుపు తట్టేవాడు తన సంకేతపదంలో ఎన్ని అక్షరాలున్నాయో తానే చెప్పేవాడు. యంత్రం అన్నే సరిచూసేది. ఒక్క అక్షరమే అని చెబితే మొదటి అక్షరం కలిస్తే చాలు. మైక్రోసాఫ్ట్ 2000 అక్టోబరులో దీనికి మరమ్మతు విడుదల చేసింది. మరమ్మతు వేసుకోని యంత్రాలను వెతుక్కుంటూ 2002లో ఓపాసెర్వ్ అనే పురుగు బయలుదేరింది. మా గది యంత్రాలకు ఆ మరమ్మతు సంగతి చెప్పినవారెవరూ లేరు. మా ఫోల్డరుకు అసలు సంకేతపదమే లేదు కాబట్టి పురుగుకు ఆ కష్టం కూడా అక్కరలేదు. అందువల్లనే ఫైళ్ళు పోయాయని అనను. అలా అంటే ఆధారం లేకుండా మరొకరి మీద నెట్టినట్టే అవుతుంది. అనుమానించవలసినవారు ఇందరుండగా నేను ఒక్క పిల్లవాడినే చూశానన్నది మాత్రం నిజం.

2001 చివరలో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఈ చరిత్రలో ఒక విచిత్ర ఘట్టం. మన వాడుకలో "సంకేతపదం లేకుండా" అన్నదానికి రెండు అర్థాలున్నాయని ఆ వ్యవస్థ బయటపెట్టింది. పేరు ఉండి సంకేతపదం ఖాళీగా ఉన్నవాడు ఒకడు. పేరే లేని అతిథి మరొకడు. ఎక్స్‌పీ మొదటివాణ్ణి ఇంట్లో మీటల ముందు కూర్చున్నప్పుడు మాత్రమే ఒప్పుకున్నది. నెట్‌వర్కు నుంచి వస్తే వెనక్కి పంపింది. సులభ పంపకం అనే పద్ధతిలో మాత్రం బయటి నుంచి వచ్చినవాడు ఏ పేరు చెప్పినా అతిథిగానే లెక్క. ఇళ్ళకు అమ్మిన హోమ్ శ్రేణిలో ఇంతకుమించి దారి లేదు. అంటే పేరు చెప్పుకున్నా అది చెల్లదు. అందరూ ఒకే అనామకుడు. ఎవరి సామర్థ్యానికి తగిన హద్దు వారికి పెట్టడం ఆ పద్ధతిలో కుదరదు.

మా ఇంటి నిల్వ పెట్టె వంటి వాటిలో పనిచేసేది సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. మన సాంబశివుడి పేరనుకునేరు, కాదు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర దీనికి అంకురార్పణ చేశారు. మొదట పెట్టిన పేరు మీద మరొకరికి హక్కు ఉండడంతో, ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరుసలో వచ్చే మాటల కోసం కంప్యూటరులోని పదపట్టికను గాలిస్తే సాంబా అన్న మాట దొరికిందట. నిఘంటువు తిరగేసి నామకరణం చేసినవాడి మీద పండితుడికి అభిమానం కలగడం సహజం. ఈ సాంబాలో అతిథిని ఎప్పుడు ఒప్పుకోవాలో చెప్పే నిబంధన ఒకటి ఉంది. తెలియని పేరు వస్తే అతిథిగా పంపమనవచ్చు. సంకేతపదం తప్పైనా అతిథిగా పంపమని కూడా అనవచ్చు. ఈ రెండవదాని గురించి వారి కైపుస్తకమే చమత్కారంగా హెచ్చరించింది. అక్షరం తప్పు కొట్టిన యజమాని తనకు తెలియకుండానే అతిథి అయిపోతాడు. తన ఫైళ్ళు తనకెందుకు కనబడటం లేదో అర్థంకాక సాయం చేసేవాళ్ళ ప్రాణం తీస్తాడు అని. ఫోల్డరుకే గాని మనిషికి పేరు లేని ఆ పాత పద్ధతిని సాంబావారు 2012 డిసెంబరులో వచ్చిన నాలుగవ సంచికతో తొలగించారు.

2017 మే 12న వానాక్రై దెబ్బ లోకమంతటికీ తగిలింది. ఎస్.ఎం.బి. తొలి సంచికలోని ఒక లోపాన్ని పట్టుకుని, సంకేతపదంతో నిమిత్తం లేకుండా, అది యంత్రం నుంచి యంత్రానికి పాకి ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు నిలిచిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. లోపానికి మరమ్మతు ఆ ఏడాది మార్చిలోనే విడుదలైంది, వేసుకోనివాళ్ళు నష్టపోయారు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 సంచికలో తొలి ఎస్.ఎం.బి.ని ముందుగా అమర్చి ఇవ్వడం ఆపారు. పెద్ద సంస్థల శ్రేణులలో అతిథి ప్రవేశాన్నీ మూశారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 సంచికలో ఆ నియమం ప్రో శ్రేణికీ పాకింది. నా కొత్త కంప్యూటరు ఆ శ్రేణిదే.

ఆ సంచికలోనే మరొక నియమం చేర్చారు. నన్ను అమితంగా ఆలోచింపజేసింది అదే. ఫోల్డరుతో జరిగే ప్రతి సంభాషణకూ సంతకం ఉండాలి. సంతకమంటే వేలితో గీసేది కాదు. ప్రతి సందేశానికీ గణితంతో వేసే ముద్ర. దారిలో ఎవరైనా సందేశాన్ని మార్చితే ఆ ముద్ర సరిపోదు. ముద్ర వేయడానికి కావలసిన తాళంచెవి ఇరువైపులా తెలిసిన ఒక రహస్యం నుంచి తయారవుతుంది. అతిథికీ ఇంటికీ మధ్య అటువంటి రహస్యమేదీ లేదు. కాబట్టి అతిథి సంతకం చేయలేడు. చేయి చాచి లోపలికి రాగలడే గాని, "ఈ మాట నాది, ఇది నేను అన్నది కాదు" అని చెప్పుకోలేడు.

ఇది చదివినప్పుడు ఆ పిల్లవాడు కళ్ళముందు నిలబడ్డాడు. ఇంతకాలం సంకేతపదం సొమ్ముగలవాడి రక్షణ కోసమని అనుకున్నాను. అది వచ్చినవాడి రక్షణ కూడా. పేరు లేని చోట దొంగకు ఎంత చోటుందో, నింద మోపేవాడికీ అంతే చోటుంది. అందరికీ తెరిచానని నేను మురిసిన ఆ తలుపు, లోపలికి వచ్చిన బలహీనుడికి తన నిర్దోషిత్వం చూపుకునే దారి లేకుండా చేసింది. స్టాల్‌మన్ పెరిగిన ప్రయోగశాలలో అందరూ సమానులు. మా గదిలో నేను మాస్టారిని, వాడు పద్నాలుగేళ్ళవాడు. సమానులు కానిచోట తాళంలేనితనం ఔదార్యమే కానక్కరలేదు.

ఇక నా పెట్టె సంగతి. అతిథిని మళ్ళీ అనుమతించేలా విండోస్ నియమాలు సడలించే ఉపాయం ఉంది. మా అబ్బాయి అది చేసిపెడతానన్నాడు. వద్దన్నాను. దాని బదులు పెట్టెలో ఇంటిల్లిపాదికీ తలా ఒక ఖాతా తెరిచాం. పాటల ఫోల్డరును అందరూ చూడవచ్చు. మార్చగలిగేది నేనూ మా అమ్మాయీ. ప్రతి కంప్యూటరులోనూ ఒక్కసారి పేరు, సంకేతపదం ఇచ్చి, గుర్తుంచుకోమన్న గడిలో టిక్కు పెట్టాం. అప్పటి నుంచి అది దాచుకుని తనంతట తానే చెబుతుంది. ఫోల్డరు మునుపటిలాగే ఏమీ అడగకుండా తెరుచుకుంటున్నది. అడగకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఇంటి మనిషిని గుమ్మంలో ఎవరూ పేరడగరు. అతడికి పేరు లేక కాదు, అది ఇంటికి తెలుసు కనుక. వారానికొకసారి మరొక డిస్కులోకి ప్రతి తీయడం కూడా మొదలుపెట్టాను, రెండు దశాబ్దాలు ఆలస్యంగా.

పోయిన మాటలలో గుర్తున్నవి మళ్ళీ రాస్తున్నాను. ఇప్పటికి నూరు దాటలేదు. చెప్పిన తాతలూ అమ్మమ్మలూ చాలామంది లేరు.

ఆ పిల్లవాడు పదవ తరగతి అయ్యాక చదువు మానేసి, కొన్నాళ్ళకు గల్ఫుకు వెళ్ళాడని విన్నాను. ఇప్పుడు నలభైకి దగ్గరపడి ఉంటాడు. ఈ టపా అతడి కంట పడుతుందో లేదో తెలియదు. పడితే, తనను గురించేనని అతడికి తెలుస్తుంది. నాయనా, ఆ రోజు నీ మాట వినకపోవడం నా తప్పు. పేరు మాత్రం ఇక్కడ రాయను. ఆధారం లేకుండా ఆ పేరు ఒకసారి పదిమందిలో పలికాను, అది చాలు.